ప్రతి ఇటుకలో సగం

"సగం ఇల్లు మీదే. కాదనడం లేదు. కానీ లోపలికి రావడానికి మాత్రం వీల్లేదండీ."

ఆ అమ్మాయి గడపకి అవతల పొడిగా నిలబడి ఈ మాట అంటున్నప్పుడు నేను గడపకి ఇవతల వర్షంలో తడుస్తున్నాను. నా వెనక ఆటోలో మడత మంచం, గ్యాస్ స్టవ్, రెండు సూట్‌కేసులు తడుస్తున్నాయి. ఆటో అతను మాత్రం తీరిగ్గా వింటున్నాడు.

"సగం నాదైనప్పుడు లోపలికి రాకూడదంటే అర్థం ఏమిటండీ?"

"అదే అర్థం."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తడిస్తే ఇంకా తొందరగా వస్తుంది. ప్లాస్టిక్ కవర్లోంచి దస్తావేజు తీసి చూపించాను.

"చదువుకోండి. మచిలీపట్నం, బుట్టాయిపేటలో ఉన్న ఈ పెంకుటింట్లో అవిభక్త సగం వాటా. అమ్మినవారు మీ చిన్నాన్నగారు. కొన్నవాడు ప్రద్యుమ్న. నేనే."

"చదివానండీ. రిజిస్ట్రేషన్ అయిన వారానికి చిన్నాన్న వాట్సాప్‌లో పెట్టాడు. మాకు చెప్పడం అంటే అదే." ఆమె గొంతు కాస్త వణికి, వెంటనే సర్దుకుంది. "అవిభక్త సగం అన్నారు. ఏ సగం? ముందు గదా, వంటిల్లా?"

దస్తావేజు తిరగేశాను, ఏ సగమో అందులో రాసి లేదు.

"ప్రతి ఇటుకలో సగం మీది, సగం మాది. ఇటుకని ఎక్కడ కొయ్యాలో కోర్టు చెప్పేదాకా మీరు కిందే ఉండండి. మరీ ముచ్చటగా ఉంటే మెట్టు మీద ఎడం కాలు పెట్టుకోండి."

లోపల్నుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "సుహాసినీ, మనిషిని వానలో నిలబెట్టి మాట్లాడతావేమిటే?"

హమ్మయ్య అనుకున్నాను.

"గొడుగు ఇచ్చి మాట్లాడు" అంది ఆ గొంతు.

గొడుగు వచ్చింది. తలుపు మూసుకుంది.

ఎదురింటి వరండాలో ఒక పెద్దమనిషి ఇదంతా చూస్తూ టీ తాగుతున్నారు. ఆయన పేరు హఫీజ్. బందరు కోర్టులో ముప్పై ఏళ్ళుగా ప్లీడరు. సుహాసిని నాన్నగారూ ఆయనా చిన్నప్పటి స్నేహితులట. నాన్నగారు పోయాక ఆ తల్లీకూతుళ్ళ మంచీ చెడ్డా ఈయనే చూస్తున్నారు. నన్ను పిలిచి ముందు తువ్వాలు ఇచ్చారు, తర్వాత చట్టం చెప్పారు.

"ఒక కుటుంబం కాపురం ఉంటున్న ఇంట్లో బయటి వ్యక్తి వాటా కొనుక్కోవచ్చు బాబూ. వాటా వస్తుంది. వాళ్ళతో కలిసి ఉండే హక్కు రాదు. విభజన దావా వేసి, నీ ముక్క ఏదో తేల్చుకుని, అప్పుడు లోపలికి వెళ్ళాలి."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"నీకెన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిది."

"ఫరవాలేదు. కుర్రాడివే."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. ఆ కుటుంబంలోవాడివి అయిపోవడం." ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

పోర్టు పనులు మొదలయ్యాక బందరులో ఖాళీ గది దొరకడం గగనమైపోయింది. నేనూ ఆ పోర్టు సైట్‌లోనే ఇంజనీర్ని. చివరికి హఫీజ్ గారి మేడ మీద గదిలోనే దిగాను. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా నా ఇల్లు, అందులో నేను ఉండకూడని ప్రతి గదీ కనిపించేవి.

తప్పు ఎవరిదంటే మా నాన్నదే. కోడూరు మండలాఫీసులో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు కాంతారావు గారు. జన్మంతా అద్దె ఇళ్ళే. సొంత తలుపుకి సొంత తాళం వేసుకోవాలని ఆయన కోరిక. రిటైరైనప్పుడు వచ్చిందంతా పోసి నా పేరున ఈ వాటా కొన్నాడు. కొనే ముందు తాకట్లేమీ లేవని ముప్పై ఏళ్ళ ఈసీ తీయించాడు, లింకు డాక్యుమెంట్లు అక్షరం అక్షరం చదివాడు. ఇంట్లో ఎవరుంటున్నారని మాత్రం అడగలేదు. కాగితంలో లేనిది ఆయన కంటికి ఆనదు.

మొదటి ఆదివారం వెళ్ళి వాళ్ళ వీధరుగు మీద కూర్చున్నాను.

"అరుగు కూడా ఇంట్లో భాగమేనండీ" అంది సుహాసిని కిటికీలోంచి.

"దారినపోయేవాళ్ళంతా కూర్చుంటున్నారుగా."

"వాళ్ళు కూర్చుని లేచి వెళ్ళిపోతారు."

"నేనూ లేస్తాను. ఎంతసేపట్లో లేవాలో చట్టంలో ఉందా?"

లోపల జానకమ్మగారు నవ్వడం వినిపించింది. సుహాసిని వాళ్ళ అమ్మ. ఎలిమెంటరీ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఎవరితో మాట్లాడినా ఎదుటివాడు మూడో తరగతి అన్నట్టే మాట్లాడుతుంది. ఆ రోజు నుంచి అరుగు మీద నాకు అనుమతి దొరికింది. అరుగు వరకే.

సుహాసిని గుడివాడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఆమె వచ్చే వేళకి నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ ఉండేవాణ్ణి.

"ఆ నీలం చొక్కా ఇంకా ఆరలేదాండీ?" అని అడిగింది ఒకరోజు వీధిలోంచి.

"వానలు కదండీ."

"నాలుగు రోజులుగా ఎండ కాస్తోంది."

ఆమె తల వంచుకుని గేటు తీసింది. నవ్వు దాచుకుంటోందని నాకు అర్థమైంది. ఆ చొక్కా నేను ఇంకో రెండు వారాలు ఆరేశాను.

అక్టోబరు చివర్లో తుఫాను వచ్చింది. గాలి తగ్గాక చూస్తే వాళ్ళ వెనక గది మీద పెంకులు సగం లేచిపోయాయి. పనివాళ్ళెవరూ దొరకడంలేదు. సందులోంచి నిచ్చెన వేసుకుని ఎక్కాను. గడప దాటలేదు, పెరట్లో కూడా అడుగు పెట్టలేదు.

"దిగండి, జారిపడతారు" అంది సుహాసిని కింద నిలబడి.

"నా సగం సర్దుకుంటున్నాను. మీ సగం కారితే నాకేం?"

"ప్రతి పెంకులోనూ సగం మాదేనండీ."

"అయితే థాంక్స్ కూడా సగమే చెప్పండి. చాలు."

మూడు గంటలు పట్టింది. దిగి అరుగు మీద కూలబడితే కిటికీ ఊచల మధ్యనుంచి స్టీలు గ్లాసుతో కాఫీ వచ్చింది. నా చెయ్యి పెంకు గీసుకుని నెత్తురు కారుతోంది. ఆమె ఊచల్లోంచే పసుపు అద్ది, గుడ్డ కట్టింది. కట్టడం అయ్యాక కూడా చెయ్యి వెంటనే వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

ఆ రోజు నాకు తెలిసిపోయింది. ఆ ఇంట్లో నాకు కావాల్సింది గది కాదు.

ఆ మాట చెప్పడానికి మాత్రం ఇంతకన్నా చెడ్డ రోజు దొరకదు అన్నట్టు ఒక రోజు ఎంచుకున్నాను.

డిసెంబరు మొదటివారంలో మా నాన్న కోడూరు నుంచి వచ్చాడు. కూడా ఒక అపార్ట్‌మెంట్ల కాంట్రాక్టరు వచ్చాడు. వాడు సందులో టేపు పట్టి కొలతలు తీసుకుంటుంటే జానకమ్మగారు కిటికీ దగ్గర రాయిలా నిలబడి చూసింది. వాడు వెళ్ళాక నాన్న నా గదిలో కూర్చుని విషయం చెప్పాడు.

"మన వాటా అతను తీసుకుంటాడట్రా. దావాలూ అవీ వద్దు, లోపలికి ఎలా వెళ్ళాలో నాకు తెలుసంటున్నాడు. మనుషులున్నారు అతని దగ్గర."

"మనుషులంటే ఏమిటి నాన్నా? ఆడవాళ్ళిద్దరే ఉన్న ఇంటి మీదకి పంపిస్తాడా?"

"మనం పంపిస్తున్నామా? ఆర్నెల్లయింది. నా ముప్పై మూడేళ్ళు అక్కడ గోడల్లో ఇరుక్కుపోయాయి. నెలాఖరులోగా నువ్వు లోపలికి వెళ్ళు, లేకపోతే అతనికి రాసిచ్చెయ్."

"వాళ్ళకే అమ్మేద్దాం."

"వెళ్ళి చేతులు జోడించి, మోసపోయామండీ, మా సగం మీరే కొనుక్కోండి అనాలా? నా వల్ల కాదురా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గద్దిస్తున్నాడనుకున్నాను కానీ తుడిచిన అద్దాలే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. లేచి ఆయన సంచి అందుకున్నాను.

నాన్నని బస్సెక్కించి తిన్నగా ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాను. బుర్రలో ఒక్కటే ఉంది, టేపు పట్టుకున్న వాడు. ఆవేశంలో అడిగేశాను.

"సుహాసినిగారూ, మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది."

ఆమె ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది.

"నెలాఖరులోగానేనా?" అంది.

నాన్న నాతో అన్న మాటే. మేడ మీద కిటికీలు తెరిచే ఉంటాయి, వీధి పది అడుగులే.

"బయటివాడు లోపలికి రావాలంటే రెండే దార్లని హఫీజ్ మావయ్య మీకు చెప్పిన రోజే మాకూ చెప్పాడు. మొదటిదానికి ఏళ్ళు పడుతుంది. రెండోది మీరు ఇప్పుడు అడుగుతున్నారు."

"నేను దానికోసం అడగలేదు."

"అడగలేదనే అనుకుంటున్నాను. పెంకులు సర్దిన మనిషి అబద్ధం ఆడడనే అనుకుంటున్నాను." ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "కానీ రేపు మీరు ఈ ఇంట్లో మంచం వేసుకున్నాక, ఏదో ఒకరోజు మనిద్దరికీ మాటా మాటా వస్తుంది కదా. ఆ రోజు నాకు ఏ అనుమానం వస్తుందో ఇప్పుడే తెలుస్తోంది. మీరు అడిగింది నన్నో, ఈ గడపనో, తేల్చుకునే దారి నాకు లేదు. మీకైనా ఉందా?"

లేదు. అందుకే కోపం వచ్చింది. "మీ గడప మీరే ఉంచుకోండి" అని వచ్చేశాను. ఇంత తెలివితక్కువ మాట నేను అంతకు ముందు అనలేదు.

రెండు రోజుల తర్వాత సెలవు పెట్టి ఏడింటి బస్సెక్కాను. సుహాసిని రెండు సీట్ల ముందు కూర్చుంది. గుడివాడ దాకా వెనక్కి తిరగలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఇక్కడేం పని?" అంది.

"చిన్న పనుంది."

నాతో చదువుకున్న బెంజమిన్ గుడివాడలో లాయరు. కథంతా విని, వాడు తల గోక్కున్నాడు.

"బయటివాడు కొన్నాక ఊరికే కూర్చున్నంతకాలం వాళ్ళు నిన్ను ఏమీ చెయ్యలేరు. నువ్వే విభజన దావా వేశావనుకో, అప్పుడు ఆ కుటుంబానికి ఒక హక్కు పుడుతుంది. కోర్టు కట్టిన ధరకి నీ వాటా మేమే తీసుకుంటాం అని అడగొచ్చు. నువ్వు కాదనడానికి లేదు. దావాలో ఉన్న వాటా జోలికి ఏ కాంట్రాక్టరూ రాడు."

"అంటే నేను ఓడిపోవాలంటే దావా వెయ్యాలి."

"సరిగ్గా చెప్పావు. కానీ ఒరేయ్, దావాలో నువ్వు పరాయివాడివని నువ్వే రాసివ్వాలి. ముందుగా ఆ అమ్మాయికి చెప్పకు. ఇద్దరూ కుమ్మక్కై వేశారనే మాట రాకూడదు."

అటునుంచి అటే కోడూరు వెళ్ళాను. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న, "ధర ఎవరు కడతారు?" అని అడిగాడు.

"కోర్టు."

"రౌండు సీలు ఉంటుందా?"

"ఉంటుంది నాన్నా."

"అయితే ఎవరి ముందూ చేతులు జోడించక్కర్లేదు" అని కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, కుదరదన్నాడు. సొంత తాళం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరి ఆఖర్లో సమన్లు వచ్చాయి. నేను సైట్ నుంచి వచ్చేసరికి సుహాసిని వీధి మధ్యలో కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది.

"కోర్టుకి వెళ్ళారా?"

"వెళ్ళాను."

"మా అమ్మకి అరవై రెండేళ్ళు. ఒక్కసారి కూడా ఆవిడ పేరు పక్కన ప్రతివాది అని ఎవరూ రాయలేదు. నేను కాదన్నందుకా ఇది?"

"కాదు."

"మరెందుకు? మీ నోటితో చెప్పండి."

"చెప్పకూడదండీ. హఫీజ్ గారికి చూపించండి. రెండో పేజీ చదవమనండి."

"చెప్పకూడదా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పెంకులు సర్దినప్పుడు మీరు జారి పడకూడదని దేవుడికి దండం పెట్టుకున్నాను. నన్ననాలి."

అలా అనేసి వెళ్ళిపోయింది. ఆ వారమంతా వాళ్ళ వీధి కిటికీ మూసే ఉంది. నాకు అన్నం సహించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాను. చెప్తే ఆమెకి ఇల్లు దక్కకుండా పోతుందేమో. చెప్పకపోతే ఆమె నాకు దక్కదు.

ఆదివారం పొద్దున్న కింద ఆఫీసులోంచి హఫీజ్ గారు కేకేశారు. "ప్రద్యుమ్నా, ఒకసారి రా. లోపలికి కాదు. ఎదురు పార్టీవి నువ్వు. మెట్ల మీద నిలబడు."

మెట్ల మీద నిలబడ్డాను. లోపల తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. సుహాసిని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హఫీజ్ గారు అన్నీ చెప్పేశారని ఆ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. బల్ల మీద అఫిడవిట్టు ఉంది. ఆయన వేలు పెట్టి చదివారు.

"వాది ప్రద్యుమ్న మా కుటుంబంతో ఏ సంబంధమూ లేని బయటి వ్యక్తి. అందుచేత అతని వాటాను కోర్టు నిర్ణయించిన ధరకు మేమే తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాము. ఇక్కడ సంతకాలు పెట్టండి. బ్యాంకు లోను సంగతి నేను మాట్లాడాను."

జానకమ్మగారు గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. కాగితం కూతురి ముందుకి జరిపింది.

సుహాసిని పెన్ను తీసుకుంది. మొదటి లైను దగ్గర ఆగిపోయింది.

"మావయ్యా, ఈ లైను తీసేసి రాయండి."

"అది తీసేస్తే కేసే లేదమ్మా. మిగిలేది తేదీ ఒక్కటే."

"ఇది నిజం కాదు మావయ్యా." ఆమె తలెత్తలేదు. "ఏ సంబంధమూ లేదని ప్రమాణం చేసి రాయమంటున్నారు. అది నా వల్ల కాదు."

జానకమ్మగారు కూతుర్ని చూసింది, మెట్ల మీద నన్ను చూసింది, మళ్ళీ కూతుర్ని చూసింది.

"ఎప్పట్నుంచే?"

"పెంకులప్పట్నుంచి."

"మరి నా చేత ఎందుకు పెట్టించావు సంతకం?"

హఫీజ్ గారు కళ్ళజోడు తీశారు. "సుహాసినీ, ఇష్టపడ్డంత మాత్రాన బయటివాడు ఇంట్లోవాడు అయిపోడమ్మా. చట్టానికి మనసు సంగతి అక్కర్లేదు. ఇవాళ్టికి ఈ లైను నిజమే. పెట్టు."

"నా చెయ్యి రావడంలేదు మావయ్యా. ఇల్లు పోతే పోయింది."

ఇక మెట్ల మీద ఉండలేకపోయాను. గుమ్మం దాకా వచ్చాను.

"పెట్టండి" అన్నాను. "ఆ రోజు మీరు అడిగారు, తేల్చుకునే దారి ఉందా అని. నాకు దొరికింది ఇదొక్కటే. నేను పరాయివాణ్ణని రెండో పేజీలో నా పేరు కింద నేనే రాసుకున్నాను. రాసేటప్పుడు నా చెయ్యీ రాలేదు. అయినా రాశాను. ఇప్పుడు మీరు పెట్టకపోతే మా నాన్నా నేనూ ఉట్టినే ఓడిపోయినట్టు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఇన్ని నెలల్లో మా మధ్య ఊచలూ కోపమూ లేకుండా చూడటం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని సంతకం పెట్టింది.

"మావయ్యా, ఈ మాట ఎప్పటిదాకా నిజంగా ఉండాలి?"

"ఆర్డరు వచ్చి, వాటా మీ పేరున మారేదాకా. ఓ ఏడాది అనుకో."

"మారిన మర్నాడు?"

"మర్నాడు మీతో చట్టానికేం పని?"

సుహాసిని నా వైపు తిరిగింది. "అయితే ఆ మర్నాడు తొమ్మిదింటికి రండి. కాలేజీకి సెలవు పెడతాను. ఈసారి అడగాల్సింది నేను అడుగుతాను."

నేను నోరు తెరిచాను. హఫీజ్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఎదురు పార్టీతో మాటల్లేవు. నేనేమీ వినలేదు. జానకమ్మగారూ, మీరూ ఏమీ వినలేదు."

"నేను విన్నాను" అంది జానకమ్మగారు. "ఏం బాబూ, ఏడాది ఆగగలవా?"

తలూపాను. నిజంగానే మూడో తరగతివాడిలా.

పదమూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కోర్టు వరండాలో ఎదురుపడితే ఇద్దరం చెరో గోడా చూసేవాళ్ళం. ధర కట్టారు, బ్యాంకు ఇచ్చింది, నాన్న రౌండు సీలు ఉన్న కాగితం తీసుకుని రెండుసార్లు చదివి లోపల పెట్టుకున్నాడు. వాటా వాళ్ళ పేరున మారింది.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. సుహాసిని గడపకి అవతల నిలబడి, అడగాల్సింది అడిగింది. అడిగేటప్పుడు ఆమె గొంతు వణికింది, ఈసారి సర్దుకోలేదు.

అప్పటికి ఆ ఇంట్లో నాదంటూ ఏమీ లేదు. సరే అన్నాను.